తాబేలు పిల్లకు తొమ్మిదడుగుల వెచ్చదనం

తాబేలు పిల్ల కుదురుగా ఉంది. ఈ మాట అన్నది దారినపోయే దానయ్య కాదు, సాక్షాత్తూ తూనికలు కొలతల కార్యాలయం. తేదీ వేసి, ముద్ర కొట్టి, మూడు సంతకాలతో సహా అన్నది. కాబట్టి ఎవరికీ అనుమానం ఉండవలసిన పనిలేదు. ఒకవేళ ఉంటే, ఆ అనుమానాన్ని మూడు ప్రతుల్లో రాసి మెట్ల పక్కనున్న పెట్టెలో వేయవచ్చు. ఆ పెట్టె తాళంచెవి పోయి ఆరేళ్ళయింది గానీ, కాగితం దూర్చడానికి సందు బాగానే ఉంది.

ఆ మాటను పుస్తకంలో రాసిన చెయ్యి రికార్డమ్మది. ఊళ్ళో ఏ దుకాణం త్రాసుకు ఏ రోజున ముద్ర పడిందో చెప్పే వందేళ్ళ కాగితాలు ఆఫీసు సెల్లారులో ఉంటాయి. వాటి మధ్య ఒక బల్ల, ఒక కుర్చీ, రెండు స్వెట్టర్ల మీద ఒక శాలువా, ఆ శాలువా లోపల రికార్డమ్మ ఉంటుంది. గోడలకు ఏడాది పొడుగునా చెమ్మ. ట్యూబులైటు వెలిగిన దానికన్నా ఆరిందే ఎక్కువ. చలికాలం వచ్చిందంటే పదకొండు గంటలకల్లా ఆవిడ వేళ్ళు కొంకర్లు పోతాయి. పెన్ను పట్టు చిక్కదు. అప్పుడు చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కాసేపు కాగితాల వంక చూస్తూ కూర్చుంటుంది. దీన్ని హాజరు పుస్తకంలో ‘విధి నిర్వహణ’ అంటారు.

నాలుగు చలికాలాలుగా ఆవిడ ఒకే అర్జీ పెడుతోంది. బల్ల మీదకు ఒక దీపం, కాళ్ళ దగ్గరకు ఒక చిన్న హీటరు. అంతకన్నా గొంతెమ్మ కోరికలేమీ లేవు. ఆ అర్జీని ఏటా రాసిపెట్టేది టపా గుమాస్తా. ఆయన గది సరిగ్గా ఆవిడ గది నెత్తిన ఉంటుంది. అక్షరాలు ముత్యాలే అనుకోండి. “అక్కా, ఈసారి ‘మానవతా దృక్పథంతో’ అని ఒక ముక్క తగిలించాను. ఇక చూస్కో, రాయైనా కరగాల్సిందే” అనేవాడు. రాయి సంగతి తెలియదు గానీ, పెద్దసారు మాత్రం కరగలేదు.

ఇంతలో ఆఫీసుకు వందేళ్ళు నిండాయి. వందేళ్ళుగా తమ త్రాసుల మీద దయ ఉంచినందుకు కృతజ్ఞతగా వర్తకుల సంఘం వారు ఒక తాబేలు పిల్లను బహూకరించారు. అరచేతిలో పెడితే ఇంకా చోటు మిగిలేంత పిల్ల. పెద్దసారు దాన్ని పళ్ళెంలో పెట్టుకుని మాట్లాడారు. “మన ఆఫీసు వందేళ్ళుగా ఎలా నడిచిందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. ఈ తాబేలుని చూడండి, అర్థమైపోతుంది” అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు గనుక అందరూ చప్పట్లు కొట్టారు.

తరవాత దాన్ని తూచారు. ఆ ఆఫీసులో ఏది గుమ్మం దాటి లోపలికి వచ్చినా ముందు తూస్తారు. ముద్ర పడిన మూడు త్రాసులు మూడు బరువులు చూపించాయి. ముద్ర పడిన త్రాసు తప్పు చెప్పదు. అందుకని ‘తాబేలు పిల్ల నిలకడగా లేదు’ అని రాసుకున్నారు. అది దాని మీద నమోదైన మొదటి అభియోగం.

పిల్లతోపాటు పశువుల డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ ఒకటి వచ్చింది. పెట్టెలో ఒక మూల, జానెడున్నర ఎత్తున, వేడినిచ్చే బల్బు పెట్టాలి. రెండో మూల చల్లగా వదిలేయాలి, ఎప్పుడు ఎటు పోవాలో పిల్లే చూసుకుంటుంది. దాంతోపాటు, ఎండలో ఉండే కంటికి కనపడని కిరణాలను ఇచ్చే దీపం ఒకటి ఉండాలి, లేకపోతే పెంకు మెత్తబడిపోతుంది. ఆ దీపానికీ పిల్లకూ మధ్య గాజు అడ్డం రాకూడదు. రాత్రయ్యాక రెండూ ఆర్పేయాలి. ఇదీ చీటీ. చదవడం వచ్చిన ఎవరికైనా అర్థమయ్యేలా రాసింది మహాతల్లి. పొరపాటంతా అక్కడే జరిగింది.

చీటీ చూసి కరెంటు మేస్త్రీ, “రెండు బల్బులు, రెండు హోల్డర్లు, ఓ గంట పని. ఇప్పుడే తెచ్చి పెట్టెయ్యనా సార్?” అని అడిగాడు.

పెద్దసారు అతని వంక జాలిగా చూశారు. గంటలో అయిపోయే పనిని గంటలో చేసేస్తే, మిగతా ఏడు గంటలూ ఆఫీసు ఏం చెయ్యాలి? వెంటనే ‘తాబేలు ఉష్ణ కాంతి నిర్ధారణ సంఘం’ ఏర్పడింది. దానికి అధ్యక్షుడు సీనియరు ఇన్‌స్పెక్టరు. ఆయన్ను ఊరంతా మిల్లీగ్రాము అంటుంది. మిల్లీగ్రాము తేడా వచ్చిందని ఒక మందుల దుకాణం త్రాసుకు పదిహేను రోజులు తాళం వేయించిన ఘనుడు. పక్కనే ఉన్న పెద్ద గిడ్డంగిలో కాటా మొత్తంగా ఒక పక్కకు ఒరిగి ఉంటుంది గానీ, అంత పెద్ద తేడాలు చూడటానికి ఆయన కళ్ళజోడు పనికిరాదు.

సంఘం తేల్చేదాకా తాబేలును అట్టపెట్టెలో పెట్టి సెల్లారుకు పంపారు. ఏ విభాగానికి చెందుతుందో తెలియని వస్తువులన్నీ రికార్డు గదికే వెళ్తాయి. రికార్డమ్మ కూడా అలాగే వెళ్ళింది లెండి, పద్దెనిమిదేళ్ళ కిందట.

ఆవిడ ఊరుకోలేదు. తన అర్జీ పట్టుకుని పెద్దసారు గదికి వెళ్ళింది. “అయ్యా, తాబేలుకి ఎలాగూ దీపం పెడుతున్నారు. ఆ చేత్తోనే నా గదికి కూడా…” అంది.

“భలే గుర్తుచేశారమ్మా. వెచ్చదనానికి సంబంధించిన కాగితాలన్నీ ఒకే ఫైలు కిందకి వస్తాయి. తాబేలుది ముందు, దాని వెనకాల మీది. తాబేలు విషయం సక్రమంగా తేలిందనుకోండి, అదే ఏర్పాటు అచ్చంగా మీ గదికీ చేయిస్తాను. మాట ఇస్తున్నాను” అన్నారాయన.

“ఒకవేళ అది బతక్కపోతే?”

“బతక్కపోతే విచారణ ఉంటుంది. విచారణలో ఉన్న ఫైలు కదలదు కదమ్మా” అన్నారు పెద్దసారు, ఆవిడ అమాయకత్వానికి నవ్వుకుంటూ.

రికార్డమ్మ కిందకు దిగి అట్టపెట్టెలోకి చూసింది. పిల్ల తలా కాళ్ళూ లోపలికి లాక్కుని కుక్కిన పేనులా పడుంది. ఇది గుటుక్కుమంటే నా దీపం కూడా దీంతోపాటే పోతుంది కదా అనుకుంది ఆవిడ. మొదట అనుకున్నది అదే. మనం ఆవిడను దేవతను చెయ్యనక్కర్లేదు. మధ్యాహ్నం భోజనానికి గంట కొట్టగానే పిల్లను అన్నం డబ్బాసంచిలో పెట్టుకుని నాలుగు అంతస్తులూ ఎక్కి మేడ మీదకు తీసుకుపోయింది.

మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక గాలి తగలని మూల ఒకటుంది. అక్కడ ఎండ నేల మీద చాప పరిచినట్టు పడుతుంది. పిల్లను అందులో వదిలింది. కాసేపు ఏమీ లేదు. తరవాత ఒక కాలు బయటకు వచ్చింది, ఆ తరవాత తల వచ్చింది. మెడ అంత పొడుగు చాచి, కళ్ళు మూసుకుని, పిల్ల ఎండ కాచుకుంది. ఒంటికి వేడి పట్టాక లేచి ట్యాంకు నీడలోకి నడిచింది, కొంతసేపటికి మళ్ళీ ఎండలోకి వచ్చింది. డాక్టరమ్మ చీటీ అక్షరం పొల్లు పోకుండా జరిగిపోతోంది, ఏ సంఘమూ లేకుండానే. రికార్డమ్మ శాలువా తీసి పక్కన పెట్టింది. ఆవిడ వేళ్ళు వాటంతట అవే విచ్చుకున్నాయి. ఆకు తుంచి పెడితే పిల్ల కొరికింది. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ తాబేలును దీపం కోసమే కాపాడుతోందని చెబితే అది పూర్తిగా నిజం కాదు.

కరెంటు మేస్త్రీ ఒకనాడు ట్యాంకు మోటారు చూడటానికి వచ్చి ఇద్దర్నీ చూశాడు. “నేనేం చూళ్ళేదమ్మా” అని చెప్పి, మోటారు చూసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఆఫీసులో చూడాల్సినవి చూసి, చూడలేదనగలిగిన మనిషి అతనొక్కడే. మిగతావాళ్ళు చూడకుండానే చూశామంటారు.

ఈలోగా సంఘం నిద్రాహారాలు మాని పనిచేస్తోంది. ఆహారం మాననప్పటికీ అలా రాసుకున్నారు. మొదటి సమావేశంలో చీటీలోని మొదటి వాక్యం దగ్గరే మిల్లీగ్రాముకు ఒళ్ళు మండిపోయింది.

“ఒక మూల వేడంట, ఒక మూల చల్లనంట. ఇదెక్కడి పద్ధతండీ? మన త్రాసు గదిలో రెండు పళ్ళేలకీ ఒకే వేడి తగలాలని వందేళ్ళుగా నిబంధన. ఒక పళ్ళెం వేడెక్కితే ముల్లు మొగ్గుతుంది. రేపు తాబేలు ఒక పక్కకి మొగ్గితే ఎవరు జవాబు చెప్తారు? ఈ ఆఫీసులో పక్షపాతం నేను బతికుండగా జరగదు” అన్నారాయన. సభ్యుల కళ్ళు చెమర్చాయి. పెట్టె అంతా ఒకే వేడి ఉండాలని తీర్మానమైంది.

రెండో సమావేశం కనపడని కిరణాల మీద. కనపడని వెలుగు వస్తోందో రావట్లేదో ఎవరు చూసి చెప్పాలి? చూడనిదాని మీద ముద్ర ఎలా కొట్టాలి? ఈ ప్రశ్న విని సంఘమంతా తల పట్టుకుంది. చివరకు కనపడే వెలుగు మాత్రమే వెలుగు అని నిర్వచనం ఖరారు చేసి, బంగారు రంగులో వెలిగే గుండ్రటి దీపాన్ని ఎంచుకున్నారు. అది ఫోటోల్లో పెద్దసారు ముఖానికి బాగా నప్పుతుందని కూడా తేలింది. పెట్టె ప్రామాణిక తూకపు రాళ్ళను దాచే గాజుపెట్టెల మాదిరిదే ఉండాలన్నారు. రాత్రి ఆర్పేయమన్న ముక్క దగ్గర ఎవరూ ఆగలేదు. ఆఫీసు ఆస్తిని చీకట్లో వదిలేయడం నేరం.

మూడోది ఎత్తు. త్రాసు మీద నీడ పడకూడదు గనుక ఈ కార్యాలయంలో కొత్తగా పెట్టే ఏ దీపమైనా నేలకు తొమ్మిదడుగుల ఎత్తున ఉండవలెను అని నిబంధన ఉంది. జానెడున్నర ఎక్కడ, తొమ్మిదడుగులెక్కడ? డాక్టరమ్మకు కొలతలు తెలియవని జాలిపడ్డారు. దీపాన్ని పెద్ద హాలు కప్పుకు వేలాడదీయాలనీ, పెట్టెను దాని కింద నేల మీద ఉంచాలనీ నిర్ణయించారు.

ఇక మిగిలింది ఉష్ణమాపకం. వేడి కొలిచే ఆ గాజుగొట్టం ఎక్కడ కట్టాలి? ఇక్కడ మాత్రం చర్చ లేకుండానే తేలిపోయింది. ‘కొలిచే సాధనము కొలవబడు వస్తువును ఆనుకొని ఉండవలెను’ అన్నది ఆ ఆఫీసులో అక్షరాభ్యాసం లాంటి సూత్రం. కొలవవలసింది దీపం వేడి. కాబట్టి గొట్టాన్ని దీపానికి ఆనించి కప్పు దగ్గర కట్టాలి.

నిచ్చెన మీదున్న కరెంటు మేస్త్రీ కిందకు చూసి, “తాబేలు కింద కదా సార్ ఉండేది? గొట్టం దాని పక్కన పెడితే…” అని నసిగాడు.

“తాబేలుని కొలవడం అయిపోయిందయ్యా. ఇప్పుడు మనం దీపాన్ని కొలుస్తున్నాం. ఎప్పుడు దేన్ని కొలవాలో తెలిస్తే నువ్వు నిచ్చెన మీద ఎందుకుంటావు?” అన్నారు మిల్లీగ్రాము.

దీపం ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పెద్దసారు మీట నొక్కారు. తొమ్మిదడుగుల ఎత్తున బంగారు వెలుగు వెలిగింది. మిల్లీగ్రాము స్వయంగా నిచ్చెనెక్కి, “ముప్పై ఐదు” అని ప్రకటించారు. ఆ మాట వినగానే పెద్దసారు తన కోటు విప్పి కుర్చీకి తగిలించారు. అది చూసి ఇన్‌స్పెక్టర్లు స్వెట్టర్లు విప్పారు, వాళ్ళను చూసి గుమాస్తాలు మఫ్లర్లు తీశారు. హాలు కిటికీ అద్దం ఒకటి పగిలి రెండేళ్ళయింది, దానిలోంచి చలిగాలి రివ్వున కొడుతోంది. టపా గుమాస్తా నుదుటి మీద లేని చెమట తుడుచుకుంటూ, “ఉక్కగా లేదూ?” అన్నాడు. “ఉక్కే మరి” అంది రికార్డమ్మ, శాలువా మడిచి చంకలో పెట్టుకుంటూ. ఆవిడ పళ్ళు టకటకమంటున్నాయి.

దాని తరవాత ముప్పై రోజుల పరిశీలన. రోజూ పొద్దున్నే నిచ్చెనెక్కి గొట్టం చూసి అంకె రాయడం రికార్డమ్మ పని. రోజూ ముప్పై ఐదే. రోజూ మధ్యాహ్నం గాజుపెట్టె మూత తీసి, పిల్లను డబ్బాసంచిలో వేసుకుని మేడ మీదకు పోవడం కూడా ఆవిడ పనే, అది మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు. ముప్పయ్యో రోజున తూచారు. మూడు త్రాసులూ తమలో తాము ఒప్పుకోకపోయినా, పిల్ల పెరిగిందని మాత్రం ఒప్పుకున్నాయి. పెంకు గట్టిపడింది, కళ్ళు మెరుస్తున్నాయి, ఆకు చూపిస్తే పరుగు లాంటిది కూడా పెడుతోంది.

విజయోత్సవ సభలో పెద్దసారు గొంతు గద్గదమైంది. “జానెడున్నర ఎత్తన్నారు, కనపడని కిరణాలన్నారు, ఒక పక్క వేడన్నారు. ఇవేవీ లేకుండానే పిల్ల దివ్యంగా పెరిగింది. దీన్నిబట్టి తేలిందేమిటి? ప్రాణికి కావాల్సింది వెచ్చదనం కాదు, నిబంధన. మిల్లీగ్రా… మన ఇన్‌స్పెక్టరు గారి పేరు ఈ దేశం ఉన్నంతకాలం నిలుస్తుంది” అన్నారు. ఆ పైన హాలంతా ఒకసారి కలియచూసి, “ఎవరైనా ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?” అని అడిగారు.

రికార్డమ్మ లేచి నిలబడింది. నీళ్ళ ట్యాంకు, దాని వెనక ఎండ, మెడ చాచిన పిల్ల, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. అదే సమయానికి పెద్దసారు బల్ల మీద, తాబేలు ఫైలు కింద, తన అర్జీ పసుపురంగు అంచు కనిపించింది. వరుసలో తరవాతిది అదే. ఇప్పుడు నిజం చెబితే మళ్ళీ సంఘం, మళ్ళీ సమావేశాలు, మళ్ళీ ఐదో చలికాలం.

“ఏం లేదండీ. చాలా బాగుందండీ” అంది రికార్డమ్మ, కూర్చుంది. చప్పట్లలో ఆవిడవి కూడా ఉన్నాయి.

అంత విలువైన ప్రాణిని మూత తీసి ఎవరుపడితే వారు ముట్టుకునేలా ఉంచడం తగదని మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ప్రామాణిక తూకపు రాళ్ళకు వేసినట్టే గాజుపెట్టెకు రెండు తాళాలు వేసి లక్క ముద్ర కొట్టారు. ఒక తాళంచెవి పెద్దసారు దగ్గర, రెండోది మిల్లీగ్రాము దగ్గర. ఇద్దరూ ఒకేసారి ఉంటే తప్ప తెరవకూడదు. ఇద్దరూ ఒకేసారి ఆఫీసులో ఉండకూడదని అంతకు ముందే ఇంకో ఉత్తర్వు ఉంది, ఒకరు బయట తనిఖీలో ఉండాలి. ఆకులు వేయడానికి మాత్రం పక్కన చిన్న సందు వదిలారు.

మధ్యాహ్నం గంట కొట్టినప్పుడల్లా పిల్ల గాజుకు ముక్కు ఆనించి నిలబడేది. మూడు రోజులు నిలబడింది. నాలుగో రోజు నిలబడలేదు. వారానికి ఆకు ముట్టడం మానేసింది. తల లోపలికి పోయింది.  రికార్డమ్మ మిల్లీగ్రాము దగ్గరకు వెళ్ళి, “సార్, అది కదలట్లేదండీ” అంది.

“మంచిదే కదమ్మా. మొదట్లో నిలకడ లేదని రాశాం, గుర్తుందా? ఇప్పుడు కుదురొచ్చింది. కదలని వస్తువుకే సరైన బరువు తెలుస్తుంది” అన్నారాయన. అంటూనే ఒక కాగితం ఆవిడ ముందుకు జరిపారు. రికార్డు గదికి దీపం మంజూరు చేస్తూ తయారైన ఉత్తర్వు. అన్నీ ఉన్నాయి, పెద్దసారు సంతకం ఒక్కటే మిగిలింది. “తాబేలు నమూనా విజయవంతమైన కారణంగా అని మొదలుపెట్టాం. దాని పుస్తకంలో మీరు వేరే ఏదైనా రాస్తే ఈ మొదటి వాక్యమే నిలబడదు. మీ ఇష్టం మరి, నేను బలవంతపెట్టను” అన్నారు.

ఆ సాయంత్రం ఆవిడ మెట్లు దిగుతుంటే కరెంటు మేస్త్రీ ఎదురొచ్చాడు. “ఏంటమ్మా, మేడ మీదకి రావట్లేదీ మధ్య?” అన్నాడు.  అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “పెట్టె వెనక చెక్కపలకకి నాలుగు మేకులే. మీరు ఊఁ అనండి చాలు, నేను ఊడదీస్తాను. ముద్ర చెక్కుచెదరదు.”

 ఊఁ అన్నది ఎంత మాట? పెదవి కూడా విప్పనక్కర్లేదు. కానీ దొరికిపోతే? దీపానికి ఒక్క సంతకం దూరం ఉంది. “ఉత్తర్వు రానీ మేస్త్రీ. వచ్చిన మర్నాడే చూద్దాం” అంది.

ఉత్తర్వు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఏడో రోజున గాజుపెట్టె సందులోంచి చీమలు బారులు తీరి లోపలికి వెళ్ళడం రికార్డమ్మ చూసింది. చీమలకు తాళంచెవులు అక్కర్లేదు. ఆవిడ పెట్టె ముందు చాలాసేపు నిలబడింది. గాజు మీద వేలితో కొట్టింది. తరవాత బల్ల దగ్గరకు వచ్చి, కొంకర్లు పోయిన వేళ్ళతో పుస్తకం తెరిచి, ‘తాబేలు పిల్ల కుదురుగా ఉంది’ అని రాసింది. ఏడుస్తూ రాసింది, కానీ రాసింది. తాబేళ్ళు వందేళ్ళు బతుకుతాయని ఎక్కడో చదివిన పెద్దసారు ఆ పుస్తకానికి వందేళ్ళకు సరిపడా గీతలు కొట్టించారు. ఇప్పటికీ రోజూ అందులో ఆ ఒక్క వాక్యమే పడుతోంది.

ఇచ్చిన మాట తప్పని మనిషి పెద్దసారు. తొమ్మిదో రోజున దీపం వచ్చింది. తాబేలుకు ఏ ఏర్పాటో అచ్చంగా అదే ఏర్పాటు, వెంట్రుకవాసి తేడా లేదు. ఒక్క చిన్న చిక్కు వచ్చింది. సెల్లారు కప్పు ఎత్తు ఏడున్నర అడుగులు, నిబంధన తొమ్మిది. మిల్లీగ్రాము ఉన్నచోట చిక్కులు నిలుస్తాయా? కప్పుకు కన్నం వేయించి, టేపు పట్టుకుని, రికార్డు గది నేల నుంచి సరిగ్గా తొమ్మిదో అడుగు దగ్గర దీపాన్ని బిగించమన్నారు. కప్పు మందం పోను ఆ తొమ్మిదో అడుగు పై గదిలోకి పోయింది. నేలకు కాస్త పైన, టపా గుమాస్తా బల్ల కింద, సరిగ్గా ఆయన రెండు పాదాల మధ్య పడింది. డాక్టరమ్మ చీటీలో చెప్పిన దూరం ఆ ఆఫీసులో ఎక్కడైనా అమలయిందంటే, అది టపా గుమాస్తా పాదాలకే.

“ఇదేంటి సార్, దీపం ఈవిడకి కదా?” అన్నాడు కరెంటు మేస్త్రీ. అతన్ని ఆ మర్నాడే ఊరి చివరి గిడ్డంగికి బదిలీ చేశారు. అక్కడ నిచ్చెనలు ఎక్కువట.

వారం తరవాత సంఘం తనిఖీకి వచ్చింది. రికార్డు గది వేడి చూడాలి గనుక అందరూ టపా గుమాస్తా గదికి వెళ్ళి, ఒకరి తరవాత ఒకరు బల్ల కిందకు దూరి, దీపానికి ఆనించి కట్టిన గొట్టం చూశారు. ముప్పై ఐదు. తరవాత మిల్లీగ్రాము నాలుగు మెట్లు దిగి సెల్లారులోకి తొంగిచూశారు. రికార్డమ్మ కుర్చీలో కాళ్ళు రెండూ పైకి పెట్టుకుని, చేతులు లోపలికి లాక్కుని, శాలువాలో తల దూర్చుకుని ఉంది. కదలడం లేదు. ఆయన తృప్తిగా తలాడించి పైకి వచ్చారు.

నివేదిక రాయవలసింది టపా గుమాస్తా. పుస్తకం పట్టుకుని ఒకసారి కిందకు వెళ్ళాడు. నాలుగేళ్ళు ఆవిడ అర్జీలు రాసిన మనిషి, ఎంతైనా.

“అక్కా, బాగానే ఉందంటావా?” అన్నాడు, ఆవిడ వంక చూడకుండా.

శాలువాలోంచి మాట వచ్చింది. “రాసెయ్ తమ్ముడూ. నేనూ అలాగే రాశాను.”

“అది కాదక్కా, నువ్వొక్క మాట అంటే నేను…”

“నీ కాళ్ళు వెచ్చగా ఉన్నాయా?”

 ఆయన పైకి వచ్చేశాడు. చెప్పులు విడిచి, పాదాలు బల్ల కింద దీపానికి అటూ ఇటూ పెట్టుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ‘రికార్డు గది గుమాస్తా కుదురుగా ఉన్నారు.’ మూడు సంతకాలు పడ్డాయి, ముద్ర పడింది.

ఇంతవరకూ చదివి ముక్కున వేలేసుకున్న పెద్దలకు ఒక మనవి. ఇది చలికాలం. మీ పాదాలు వెచ్చగానే ఉండి ఉంటాయి, సంతోషం. బల్ల కిందకు మాత్రం వంగి చూడకండి.